ఇళ్ళు కట్టిన మేస్త్రీ – చుక్కల ఫోటో తీసిన ఐజాక్ రాబర్ట్స్



మన గోడ పత్రికలో ప్రతిసారీ ఒక గొప్పవారి జీవిత చరిత్ర వేస్తున్నాము. కొమరం భీం గారిది అయింది, సావిత్రీబాయి ఫూలే గారిది అయింది. ఈసారి నా వంతు వచ్చింది. నేను ఐజాక్ రాబర్ట్స్ గురించి రాస్తున్నాను. ఆకాశం గురించి చదివే వాళ్ళలో కొందరికి ఈయన పేరు తెలుసు. మన పాఠాల్లో మాత్రం లేదు. ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు మన సైన్సు సారు అందరినీ బయట కూర్చోబెట్టి ఈయన సంగతి చెప్పారు గదా. చాలామంది అప్పటికే నిద్రపోయారు. నేను పోలేదు.

ఐజాక్ రాబర్ట్స్ 1829 జనవరి 27న వేల్స్ దేశంలో గ్రోస్ అనే పల్లెలో జన్మించాడు. అది డెన్‌బీ అనే ఊరి దగ్గర ఉంది. తండ్రి వ్యవసాయం చేసేవాడు. వేల్స్ అనేది ఇంగ్లాండు పక్కనే ఉంటుంది గాని అక్కడి వాళ్ళ భాష వేరు. వెల్ష్ అంటారు. ఇంగ్లీషుకీ దానికీ పోలిక ఉండదు. రాబర్ట్స్ చిన్నప్పుడే వాళ్ళ కుటుంబం ఇంగ్లాండులోని లివర్‌పూల్ పట్నానికి వెళ్ళిపోయింది. అక్కడ ఎక్కువగా ఇంగ్లీషే. అయినా ఆయన తన భాష మర్చిపోలేదు, పెద్దయ్యాక కూడా మాట్లాడేవాడు. ఇది చదివినప్పుడు నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. నేను ఒకటో తరగతిలో చేరినప్పుడు నాకు కోయ తప్ప తెలుగు ఒక్క ముక్క రాదు. టీచరు నీళ్ళు తెమ్మంటే పలక తెచ్చాను. ఇప్పుడు తెలుగులో రాస్తున్నాను, ఇంటికి పోతే మా అమ్మతో కోయలోనే మాట్లాడుతాను.

పదిహేనేళ్ళ వయసులో, 1844లో, ఆయనను ఇళ్ళు కట్టే కంపెనీలో పని నేర్చుకోవడానికి పెట్టారు. అంటే మనకంటే ఒక్క ఏడాది పెద్ద, అంతే. పగలు పని, తీరిక దొరికితే చదువు. 1859లో సొంతంగా కట్టడాల పని మొదలుపెట్టాడు. బాగా సంపాదించాడు. ఈ సంపాదన సంగతి దాచకూడదు, ఎందుకంటే తర్వాత కొన్న పెద్ద దూరదర్శిని పేదవాళ్ళు కొనేది కాదు. కానీ డబ్బున్న వాళ్ళు ఆ రోజుల్లో లివర్‌పూల్‌లో ఎందరో ఉన్నారు, వాళ్ళలో చాలామంది రాత్రంతా చలిలో నిలబడలేదు. ముందు రాళ్ళ గురించీ నేల గురించీ చదివాడు. ఆ తర్వాతే పైకి చూశాడు.

1878లో, 49 ఏళ్ళ వయసులో, 7 అంగుళాల దూరదర్శిని తెచ్చుకున్నాడు. అది ఆయన ఉద్యోగం కాదు, జీతం ఎవరూ ఇవ్వరు. లివర్‌పూల్‌లో అలాగే సరదాతో ఆకాశం చూసే వాళ్ళందరూ కలిసి 1881లో ఒక ఖగోళ సంఘం పెట్టుకున్నారు. రాబర్ట్స్ అందులో సభ్యుడు, అధ్యక్షుడుగా కూడా ఉన్నాడు.

అప్పటిదాకా ఆకాశంలో ఏదైనా మసకగా కనిపిస్తే ఎక్కువగా కంటితో చూసి పెన్సిలుతో బొమ్మ వేసేవాళ్ళు. ఒకరు వేసినట్టు ఇంకొకరు వెయ్యరు. మన డ్రాయింగు పీరియడులో ఒకే మందార పువ్వును నలభై రకాలుగా వేస్తాం గదా, అట్లా. అందుకని రాబర్ట్స్ 1883లో ఫోటో తియ్యటం మొదలుపెట్టాడు. మొదట మనుషుల ఫోటోలు తీసే కటకాలతోనే ప్రయత్నించాడు. చాలలేదు. 1885లో 20 అంగుళాల అద్దం ఉన్న దూరదర్శిని చేయించుకున్నాడు. దాన్ని గ్రబ్ అనే ఆయన తయారుచేశాడు. గాజు అద్దం మీద వెండి పూత ఉంటుంది. ఆ అద్దం వెలుతురునంతా ఒక్కచోటికి చేరుస్తుంది. అక్కడ ఫోటో పలక, అంటే మందు పూసిన గాజు పలక, పెడతారు.

కంటికి కనపడనిది పలకకు ఎట్లా కనపడుతుంది అని నాకు అనుమానం వచ్చింది. సారు చెప్పింది నేను ఇలా అర్థం చేసుకున్నాను. ఎండాకాలం వాగు ఎండిపోతే ఇసకలో చెలమ తీస్తాం. తీసిన వెంటనే చూస్తే తడి తప్ప ఏమీ ఉండదు. ఒక గంట ఆగితే బిందె ముంచుకునేన్ని నీళ్ళు ఊరతాయి. కన్ను ఆగదు, అప్పటికప్పుడు వచ్చిన వెలుతురే చూస్తుంది. పలక ఆగుతుంది. గంట, రెండు గంటలు, నాలుగు గంటలు వెలుతురు దానిమీద ఊరుతూనే ఉంటుంది.

కానీ ఒక చిక్కు ఉంది. భూమి తిరుగుతూ ఉంటుంది కాబట్టి చుక్కలు జరిగిపోతాయి. దూరదర్శిని కదలకుండా ఉంటే చుక్క గీతలాగా పడుతుంది. నాటు పడవలో పోతూ ఒడ్డున ఉన్న ఒక చెట్టుకు వేలు చూపిస్తూనే ఉండాలంటే చెయ్యి తిప్పుతూనే ఉండాలి గదా. అట్లా దూరదర్శినిని గడియారం యంత్రంతో మెల్లగా తిప్పాలి. రాబర్ట్స్ ఏం చేశాడంటే, 7 అంగుళాల దాన్నీ 20 అంగుళాల దాన్నీ ఒకే ఇరుసు మీద బిగించాడు. ఒకదానికి ఒకటి బరువు సరిపోతుంది. పెద్దది ఫోటో తీస్తుంటే చిన్నదానిలో ఒక చుక్కను గురిగా పెట్టుకుని చూస్తుండాలి. చుక్క పక్కకు జరిగితే సరిదిద్దాలి. ఇది ఇళ్ళు కట్టిన మనిషికి తోచిన ఆలోచన అని నాకు అనిపిస్తుంది, తూకం తెలుసు గదా. ఇప్పటికీ చుక్కల ఫోటోలు తీసే సంఘాల వాళ్ళు ఒక దూరదర్శిని మీద ఇంకొకటి ఎక్కించి ఇలాగే తీస్తారట.

1886లో మనం పిల్లలకోడి అనే చుక్కల గుంపు (పుస్తకంలో కృత్తికలు) ఫోటో తీస్తే చుక్కల చుట్టూ పొగలాంటి మబ్బు ఎంతో దూరం పరుచుకుని కనిపించింది. అంత ఉందని ఎవరూ అనుకోలేదు.

ఇక అసలు ఫోటో. 1888 డిసెంబరు 29. లివర్‌పూల్ దగ్గర మాఘల్ అనే ఊళ్ళో ఆయన ఇల్లు. ఆండ్రోమెడా, మన వాళ్ళు దేవయాని అంటారు, ఆ చుక్కల్లో ఒక మసక మచ్చ ఉంటుంది. దానికి నాలుగు గంటలు పలక తెరిచి ఉంచారు. డిసెంబరులో ఆ దేశం చలి ఎట్లా ఉంటుందో మనకు తెలియదు, మనం మన చలికే రగ్గు వదలం. పలక కడిగి చూస్తే మచ్చ కాదు, సుడి! నడుమ వెలుతురు, చుట్టూ వంపు తిరిగిన చారలు. 1847లో అమెరికాలో బాండ్ అనే శాస్త్రవేత్త పెద్ద దూరదర్శినితో చూసి అందులో రెండు తిన్నటి నల్లగీతలు ఉన్నాయని బొమ్మ వేశాడు. అవి తిన్నగా లేవు, సుడిలో భాగాలు. కంటికి ఒక ముక్కే కనిపించింది.

ఇక్కడ ఒక సంగతి రాయాలి. కొందరు జీవిత చరిత్రల్లో రాయరు. రాబర్ట్స్ తాను తీసిన ఫోటోను తప్పుగా అర్థం చేసుకున్నాడు. మన సూర్యుడూ గ్రహాలూ లాంటిది కొత్తగా పుడుతోంది, అదే ఇది అనుకున్నాడు. అప్పుడు చాలామంది అట్లాగే అనుకున్నారు. 1923లో అమెరికాలో ఎడ్విన్ హబుల్ ఆ మచ్చలో వెలుగు పెరిగి తరిగే ఒక చుక్కను పట్టుకుని దూరం లెక్కకట్టాడు. అది మన పాలపుంత బయట ఉన్న ఇంకొక పాలపుంత అని తేలింది. వెలుతురు అక్కడినుంచి ఇక్కడికి రావటానికి సుమారు 25 లక్షల సంవత్సరాలు పడుతుంది. రాబర్ట్స్‌కు ఇది తెలియకుండానే పోయాడు. కానీ ప్రతి ఫోటో కింద తేదీ, ఎన్ని గంటలు తెరిచి ఉంచింది రాసిపెట్టాడు. 1893లో, 1899లో పుస్తకాలుగా అచ్చు వేయించాడు. ఆయన చెప్పిన అర్థం పోయింది, పలక పోలేదు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

లివర్‌పూల్ వైపు ఆకాశం బాగాలేదని 1890లో ఇంగ్లాండు దక్షిణాన క్రౌబరో అనే ఎత్తు ప్రదేశానికి మారాడు. ఆ ఇంటికి స్టార్‌ఫీల్డ్, అంటే చుక్కల పొలం, అని పేరు పెట్టాడు. అక్కడ ఫ్రాంక్స్ అనే సహాయకుడు ఉండేవాడు. రాత్రులు ఎక్కువ కష్టం ఆయనదే. పేరు మాత్రం రాబర్ట్స్‌కు వచ్చింది. అందుకే ఫ్రాంక్స్ పేరు కూడా ఇక్కడ రాశాను. 1895లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ రాబర్ట్స్‌కు బంగారు పతకం ఇచ్చింది.

1896 ఆగస్టులో సూర్యగ్రహణం చూడటానికి ఓడలో నార్వే దేశం పోయాడు. అంతదూరం పోతే మబ్బు పట్టి గ్రహణం కనపడలేదు! కానీ ఆ ప్రయాణంలో డొరోతియా క్లంప్కే పరిచయమైంది. ఆమె అమెరికాలో పుట్టి పారిస్ నక్షత్రశాలలో పనిచేసేది. 1893లో పారిస్‌లో గణితంలో డాక్టరేటు తీసుకుంది. అక్కడ ఆడవాళ్ళలో ఆమే మొదటిది. ఆకాశం మొత్తం ఫోటోలు తీసి పటం చెయ్యాలని 1887లో పారిస్‌లో చాలా దేశాల వాళ్ళు అనుకున్న పనిలో కొలతల విభాగానికి ఆమె పెద్ద. అదే పనిలో తర్వాత మన హైదరాబాదు నిజామియా నక్షత్రశాల కూడా తన వంతు ఆకాశాన్ని ఫోటోలు తీసింది. ఇద్దరూ 1901లో పెళ్ళి చేసుకున్నారు. ఆయనకు 72, ఆమెకు సుమారు 40. మూడేళ్ళకే, 1904 జూలై 17న, రాబర్ట్స్ చనిపోయాడు. భార్య తదనంతరం తన ఆస్తిలో మిగిలినది లివర్‌పూల్, బాంగర్, కార్డిఫ్ విద్యాలయాల్లో పిల్లలకు స్కాలర్‌షిప్పులుగా ఇవ్వాలని వీలునామా రాశాడు. బాంగర్, కార్డిఫ్ వేల్స్‌లోవే.

డొరోతియా ఆ గాజు పలకలను పారవెయ్యలేదు. ఫ్రాన్సుకు తీసుకుపోయి ఏళ్ళ తరబడి కొలిచి, వరుసలో పెట్టి, 1929లో ఆయన పుట్టి నూరేళ్ళయినప్పుడు పెద్ద పుస్తకంగా తెచ్చింది. అందులో ఆకాశంలోని 52 భాగాల ఫోటోలు ఉన్నాయి.

ఆ మసక మచ్చ మన కంటికి కూడా కనపడుతుంది, దూరదర్శిని అక్కరలేదు. డిసెంబరులో వెన్నెల లేని రోజు రాత్రి ఎనిమిదింటికి నడినెత్తికి కొంచెం ఉత్తరంగా చూడాలి. ముందు పది నిమిషాలు కళ్ళు చీకటికి అలవాటు పడాలి. మన హాస్టలు వెనక నీళ్ళ ట్యాంకు దగ్గర బాగుంటుంది గాని అక్కడి లైటు అడ్డం. వార్డెన్ మేడం గారు ఒప్పుకుంటే వచ్చే అమావాస్య రోజు స్టడీ అయ్యాక ఆ లైటు అరగంట ఆపి, వాచ్‌మన్ తాతను తోడు పెట్టుకుని చూస్తాము. వచ్చేవాళ్ళు ఈ కాగితం కింద పేరు రాయండి. నా పేరు రాశాను.