డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా గారు

మా గూడూరులో పిల్లల్ని ఉర్దూ మీడియంలో వెయ్యడానికి తల్లిదండ్రులు జంకుతున్నారు. ఆ చదువు ఊరు దాటదని వారి భయం. అందుకే హమీదుల్లా గారి సంగతి చెప్పదలచాము.

1908లో హైదరాబాదులో పుట్టిన వీరు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు. ఆ రోజుల్లో అక్కడ న్యాయశాస్త్రం కూడా ఉర్దూలోనే చెప్పేవారు. ఆ చదువుతోనే జర్మనీలో బాన్ విశ్వవిద్యాలయం నుండి ఒక డాక్టరేటు, 1935లో పారిస్ సోర్బాన్ నుండి మరొకటి పొందారు. తిరిగి వచ్చి ఉస్మానియాలోనే అంతర్జాతీయ న్యాయం బోధించారు.

1948లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసేనాటికి ఐక్యరాజ్యసమితికి వెళ్ళిన ప్రతినిధి వర్గంతో విదేశంలో ఉన్నారు. ఇక ఇల్లు చేరలేదు. ఏ దేశపు పౌరసత్వమూ తీసుకోలేదు, పెళ్ళీ చేసుకోలేదు. పారిస్‌లోనే ఉండిపోయారు.

వారు చేసిన పనుల్లో మాకు ముచ్చటైనది ఒకటుంది. హజ్రత్ అబూ హురైరా గారి శిష్యుడు హమ్మామ్ వ్రాసుకున్న 138 హదీసుల సంపుటి వ్రాతప్రతి ఒకటి బెర్లిన్‌లో, మరొకటి డమాస్కస్‌లో ఉన్నాయి. హమీదుల్లా గారు రెంటినీ పోల్చి చూసి, 1953లో డమాస్కస్‌లో అచ్చు వేయించారు. హదీసులు చాలాకాలం నోటి మాటగానే నడిచాయనే వారికి దీనినే జవాబుగా చూపారు. బెర్లిన్ వారు తలుపు తీయకపోయినా, డమాస్కస్ వారు తీయకపోయినా ఆ పని జరిగేదా?

1954 నుండి 1978 దాకా పారిస్‌లో పరిశోధన చేస్తూనే, ఏళ్ళ తరబడి ఇస్తాంబుల్ వెళ్ళి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. వారి ఫ్రెంచి ఖురాన్ అనువాదం 1959లో వెలువడింది. 2002లో అమెరికాలో కన్నుమూశారు.

1980లో పాకిస్తాన్‌లోని బహావల్‌పూర్ విశ్వవిద్యాలయం పిలిస్తే వెళ్ళి 12 ఉపన్యాసాలిచ్చారు. అన్నీ ఉర్దూలోనే.