శుక్రవారపు గోష్ఠి: నటాలీ బార్నీ జీవితం

ఉర్దూ విద్యార్థులకు మహఫిల్ ఎటువంటిదో తెలుగు విద్యార్థులకు గోష్ఠి అటువంటిది. కవిత్వానికి కాగితం ఒక్కటే చాలదు. కూర్చొనడానికి ఒక గది, వినడానికి నలుగురు, ఆదరంతో ఆహ్వానించే గృహస్థు కూడా కావలెను. ప్యారిస్ నగరంలో అటువంటి గదిని దశాబ్దాల పాటు నిర్వహించిన ఒక స్త్రీ చరిత్రను మేమిచట సంగ్రహముగా వివరింపదలచితిమి.

నటాలీ క్లిఫర్డ్ బార్నీ 1876 అక్టోబరు 31న అమెరికాలోని డేటన్ పట్టణంలో జన్మించింది. తండ్రిది రైలు పెట్టెలు నిర్మించే సంపన్న కుటుంబం, తల్లి చిత్రకారిణి. తన అనురాగం స్త్రీల యందేనని నటాలీ బాల్యంలోనే గ్రహించింది. దానిని దాచుకొనుటకు ఆమె అంగీకరింపలేదు. 1900లో స్త్రీలను గూర్చిన ప్రేమకవితలను ఫ్రెంచి భాషలో తన పేరుతోనే ప్రకటించింది. తండ్రి ఆగ్రహించి మిగిలిన ప్రతులను, అచ్చు పలకలను కొని నాశనం చేయించాడు. 1902లో ఆయన మరణానంతరం సంక్రమించిన ఆస్తి ఆమెకు స్వాతంత్ర్యమిచ్చింది. ఆ స్వాతంత్ర్యం నిరుపేద స్త్రీకి అందునది కాదని మనము గుర్తింపవలెను.

ప్రాచీన గ్రీకు కవయిత్రి శాఫో నివసించినది లెస్బోస్ ద్వీపంలో. స్త్రీని ప్రేమించు స్త్రీకి లెస్బియన్ అను పేరు ఆ ద్వీపం వలననే కలిగినది. శాఫోను మూలంలో చదువుటకై నటాలీ గ్రీకు అభ్యసించింది. 1904లో కవయిత్రి రెనే వివియన్‌తో కలిసి ఆ ద్వీపమునకు వెళ్ళింది. అచట కవయిత్రులకొక నిలయం స్థాపింపవలెనన్న వారి కోరిక నెరవేరలేదు.

ఆ కోరికయే ప్యారిస్‌లో రూపు దాల్చినది. 1909లో ఆమె జాకబ్ వీథి 20వ నంబరు ఇంట ప్రవేశించి, శుక్రవారపు గోష్ఠులను ప్రారంభించింది. పురుష రచయితలు కూడా అచటికి వచ్చెడివారు. 1635లో స్థాపితమైన ఫ్రెంచి అకాడమీ 1980 వరకు ఒక్క స్త్రీని కూడా సభ్యురాలిగా ఎన్నుకొనలేదు. అందుకు సమాధానమా అన్నట్లు 1927లో నటాలీ స్త్రీల అకాడమీని నెలకొల్పి కొలెట్, గెర్ట్రూడ్ స్టైన్ మొదలగువారిని సత్కరించింది.

స్త్రీని ప్రేమించు స్త్రీ పురుషుని వలె మారవలెనా? ఆ గదిలో దీనికి ఒకే సమాధానం లేదు. నటాలీ స్త్రీ వేషమునే ఇష్టపడినది. ఆమె చిరకాల సహచరి, చిత్రకారిణి రొమేన్ బ్రూక్స్, 1923లో తన్ను తాను నల్లకోటు, పొడుగు టోపీతో చిత్రించుకొన్నది. ఆంగ్ల రచయిత్రి రాడ్‌క్లిఫ్ హాల్ పురుష వేషం ధరించేది. 1928లో ఆమె నవలను బ్రిటన్ న్యాయస్థానం అశ్లీలమని నిషేధించినది. ఆ నవలలోని వాలెరీ సీమోర్ పాత్రకు నటాలీయే మూలం. వేషభేదాలు ఎన్ని ఉన్నను అందరికీ అచట ఒకే పంక్తి.

అయినను ఆమెను దోషరహితురాలిగా చిత్రించుట సత్యం కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఇటలీలో నివసించుచు, తన తల్లి వైపు యూదు రక్తమున్నను, యూదులపై ద్వేషమును, ఫాసిస్టులపై అభిమానమును వ్రాతలలో వెల్లడించినది. తనవారికి తలుపు తెరచిన చేయి ఇతరులకు మూసివేయగలదనుటకు ఇది విషాదకరమైన నిదర్శనం.

1972 ఫిబ్రవరి 2న, తొంబదియైదవ యేట, ఆమె ప్యారిస్‌లో మరణించింది.

మన దేశంలో 2018 సెప్టెంబరు 6న సర్వోన్నత న్యాయస్థానం వయోజనుల పరస్పర సమ్మతితో కూడిన స్వలింగ సంబంధం నేరం కాదని తీర్పు చెప్పినది. నేరం కాదని న్యాయస్థానం చెప్పగలదు. వచ్చి కూర్చొనుమని పిలువవలసినది మనుష్యులే. మన తరగతిలో మౌనంగా కూర్చొనియున్నవారిని తలచుకొని విద్యార్థులు ఈ జీవితమును చదువుదురుగాక అని మా ఆకాంక్ష.