షోయబుల్లా ఖాన్: చేదు నిజం చెప్పిన కలం

కబురు ఒక అమానతు. విన్నది విన్నట్టుగా, జరిగింది జరిగినట్టుగా ఎదుటివారికి అందించడం దాన్ని మోసుకొచ్చేవాడి బాధ్యత. తెచ్చినవాడు నమ్మదగినవాడా కాడా అని విచారించుకోవడం వినేవాడి బాధ్యత. ఎవరైనా ఒక వార్త తెస్తే ముందు నిజానిజాలు తేల్చుకోవాలని, లేకపోతే తెలియక ఎవరికో హాని చేసి ఆనక పశ్చాత్తాపపడవలసి వస్తుందని హుజురాత్ సూరా మనల్ని హెచ్చరిస్తోంది. హదీసు పండితులు ఈ హెచ్చరికను ఒక శాస్త్రంగానే పెంచారు. మాట చెప్పిన రావీ ఎవరు, అతను ఎవరి నోట విన్నాడు, అతని నడవడి ఎలాంటిది అని ఒక్కొక్కరినీ తూచి చూశారు.

మేము మద్రసాలో ఈ పాఠం చెబుతున్నప్పుడు, ఇది ధార్మిక గ్రంథాలకే సంబంధించినదని విద్యార్థులు అనుకోవడం గమనిస్తుంటాము. కానీ రాజకీయ వార్తల విషయంలోనూ ఈ జాగ్రత్త అంతే అవసరం. అది లోపిస్తే ఒక సమాజం ఎంత మూల్యం చెల్లించాలో తెలుసుకోవడానికి దూరదేశాల చరిత్ర అక్కరలేదు. మన హైదరాబాదుకు చెందిన పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్ జీవితం చాలు.

ఆయన 1920లో మహబూబాబాద్ ప్రాంతంలోని సుబ్రవేడులో జన్మించారు. తండ్రి హబీబుల్లా ఖాన్ రైల్వే పోలీసు శాఖలో ఉద్యోగి. షోయబుల్లా ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టా పొందారు. ఆ రోజుల్లో ఉర్దూ చదువుకున్న పట్టభద్రుడికి సర్కారు కొలువు దొరకడం కష్టం కాదు. అయినా ఆయన పత్రికారంగాన్నే ఎంచుకున్నారు. మొదట తేజ్ పత్రికలో, తరువాత మందుముల నరసింగరావుగారి రయ్యత్ పత్రికలో పనిచేశారు. నిజాం ప్రభుత్వం రయ్యత్‌ను మూసివేయించింది. షోయబుల్లా వెనక్కి తగ్గలేదు. ఇంట్లోని ఆడవారి నగలు అమ్మి, బూర్గుల రామకృష్ణారావుగారి వంటి మిత్రుల అండతో 1947 నవంబరులో ఇమ్రోజ్ అనే ఉర్దూ దినపత్రికను సొంతంగా ప్రారంభించారు. ఇమ్రోజ్ అంటే ఈ రోజు అని అర్థం.

ఆనాటి పరిస్థితిని గుర్తుకు తెచ్చుకుందాం. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. హైదరాబాదు సంస్థానం మాత్రం భారతదేశంలో చేరలేదు. 1947 నవంబరు 29న ఏడాదిపాటు యథాతథ ఒప్పందం కుదిరింది. సంస్థానంలో కోటీ అరవై లక్షలకు పైగా జనం ఉండగా, వారిలో ముస్లిములు నూటికి పదమూడు మంది మాత్రమే. ఇంత పెద్ద ప్రశ్న ముందున్నప్పుడు సామాన్య కుటుంబాలకు కబురు ఎక్కడినుంచి అందేది? దక్కన్ రేడియో ప్రభుత్వం చేతిలో ఉండేది. ప్రభుత్వానికి గిట్టని పత్రికలు మూతపడేవి. ఖాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు ఊరూరా ఆవేశపూరితమైన ప్రసంగాలు చేసేవారు. మన సైన్యం అజేయమని, ఢిల్లీ మనల్ని ఏమీ చేయలేదని ప్రచారం సాగేది. వినడానికి ఇంపుగా ఉన్న ఆ మాటలను చాలామంది నమ్మారు.

ఇమ్రోజ్ దీనికి ఎదురు నిలిచింది. పల్లెల్లో రజాకార్లు సాగిస్తున్న దోపిడీలను, దౌర్జన్యాలను షోయబుల్లా నిర్మొహమాటంగా రాశారు. పగలు ఒక ప్రభుత్వం, రాత్రి ఇంకొక ప్రభుత్వం నడుస్తున్నాయని సంపాదకీయంలో ఎత్తిచూపారు. సంస్థానం భారతదేశంలో విలీనం కావడమే ప్రజలకు, ముఖ్యంగా ముస్లిములకు, మేలని వాదించారు. 1948 ఆగస్టులో ఫరీద్ మీర్జా తదితర ఏడుగురు ముస్లిం ప్రముఖులు రజాకార్లను రద్దు చేయాలని, విలీనానికి ఒప్పుకోవాలని కోరుతూ ఒక ప్రకటన చేస్తే, దాన్ని ఇమ్రోజ్ ప్రచురించింది.

ఆయన కూడా ఒక పక్షంవారే కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, ఆయనకు స్పష్టమైన అభిప్రాయం ఉంది. కానీ దాన్ని దాచిపెట్టలేదు. తన పేరుతో, తన పత్రికలో బాహాటంగా చెప్పారు. అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. పరాయివారి తప్పులు రాయడం సులువు. సొంతవారి తప్పులు సొంతవారికే, వారి భాషలోనే చెప్పడం కష్టం. అందువల్ల ఆయనకు ఒరిగిందేమీ లేదు, పోయిందే అంతా. లాభం లేని చోట, నష్టం తప్పదని తెలిసిన చోట నిజం చెప్పినవాడి సాక్ష్యానికి బరువు ఎక్కువ.

ఆ నష్టం త్వరలోనే వచ్చింది. రజాకార్లకు వ్యతిరేకంగా లేచే చేతులను ఉంచబోమని బహిరంగసభలో బెదిరింపులు వినిపించాయి. 1948 ఆగస్టు 21 అర్ధరాత్రి, కాచిగూడలోని పత్రిక కార్యాలయంలో పని ముగించుకుని బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌తో కలసి ఇంటికి వెళుతున్న షోయబుల్లాపై దుండగులు దాడిచేశారు. తుపాకీతో కాల్చారు, రాసే చేతిని నరికారు. అడ్డువచ్చిన ఇస్మాయిల్ కూడా తీవ్రంగా గాయపడ్డారు. మరునాడు తెల్లవారేసరికి షోయబుల్లా కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 27 ఏళ్లు.

ఆ తరువాత నెల తిరగకముందే, సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలో ప్రవేశించింది. అజేయమని చెప్పుకున్న సైన్యం అయిదు రోజుల్లో చేతులెత్తేసింది. పెద్ద మాటలు చెప్పిన ఖాసిం రజ్వీ జైలు శిక్ష అనుభవించి, 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయారు. కానీ ఆ మాటలు నమ్మినవారు, నమ్మకపోయినా ఆ ఊళ్లలో కాపురమున్నవారు ఎక్కడికి వెళ్లగలరు? ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో అమాయక ముస్లిములు వేల సంఖ్యలో హతులయ్యారు. కేంద్రం పంపిన పండిత్ సుందర్‌లాల్ కమిటీలో పయామ్ పత్రిక సంపాదకుడు ఖాజీ అబ్దుల్ గఫార్ కూడా సభ్యులు. మృతులు 27 వేల నుంచి 40 వేల వరకు ఉంటారని ఆ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు. 2013లో గానీ అది ప్రజలకు అందుబాటులోకి రాలేదు. అంటే నిజాన్ని దాచడం ఒక్క నిజాం సర్కారుకే చెందిన జబ్బు కాదు. అధికారంలో ఎవరున్నా తమకు ఇబ్బంది కలిగించే కబురును బీరువాలో పెట్టి తాళం వేయాలనే చూస్తారు.

నేడు వార్తలకు కొదువ లేదు. పత్రికలు, టీవీ చానళ్లు, అరచేతిలో సెల్‌ఫోను ఉన్నాయి. కొరత ఉన్నది విచారణకే. ఒక వార్త వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చుని నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు. చెప్పినవారు ఎవరు, పేరు ఉందా? కళ్లారా చూశారా, ఎవరో అంటే విన్నారా? ఎదుటి పక్షం పత్రిక అదే సంఘటనను ఎలా రాసింది? ఈ వార్త చెప్పినవారు తమవారి తప్పును ఎప్పుడైనా ఒప్పుకున్నారా? చివరి ప్రశ్నకు ఎన్నడూ జవాబు దొరకని చోట, మన చెవికి ఎంత ఇంపుగా ఉన్నా ఆ మాటను పక్కన పెట్టడమే మంచిది. తేలని కబురును పదిమందికి పంపకపోవడం కూడా అమానతును కాపాడటమే.

పొగిడే నోళ్లు ఆనాడు అనేకం ఉన్నాయి. చేదు నిజం చెప్పే కలాలు కొన్నే ఉన్నాయి. అలాంటి కలాన్ని గుర్తించి, అది రాసింది చదివి, దానికి అండగా నిలవడం పాఠకుల వంతు. షోయబుల్లా ఖాన్‌కు అల్లాహ్ మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక. విన్న మాటను తూచి చూసే వివేకాన్ని మనందరికీ అనుగ్రహించుగాక. ఆమీన్.