మంచుపై నేర్చిన విద్య: యార్నో సారినెన్ జీవితం

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతాలలో మోటారు సైకిలు ఒకప్పుడు సంపన్నుల ముంగిటనే కనిపించేది. నేడు అది పాలు పోసే వానికీ, బొగ్గుగనికి పోయే కార్మికునికీ, కళాశాలకు వచ్చే విద్యార్థికీ నిత్యావసరమైనది. వాహనం సర్వసామాన్యమైన చోట వేగంపై మోజు కూడా సర్వసామాన్యమవుతుంది. వేగాన్ని ఒక విద్యగా అభ్యసించి, ఆ విద్యలో ప్రపంచాగ్రగణ్యుడై, ఇరవైయేడేళ్ళ ప్రాయంలో పందెపు బాటపైనే ప్రాణాలు విడిచిన యార్నో సారినెన్ చరిత్రను మన విద్యార్థులు తెలుసుకోవడం అందుకే సముచితం.

సారినెన్ 1945 డిసెంబరు 11న ఫిన్లాండు దేశపు టుర్కు నగరంలో జన్మించాడు. ఆ దేశంలో శీతకాలం దీర్ఘమైనది. సరస్సులు గడ్డకట్టి రాతినేలవలె గట్టిపడతాయి. వాటిపై మోటారు సైకిలు పందేలు జరుపుకోవడం అక్కడి యువకుల ఆనవాయితీ. సారినెన్ తొలి పాఠశాల ఆ మంచు మైదానమే. మంచుపై బ్రేకు గట్టిగా నొక్కినవాడు పడిపోతాడు. జారిన బండిని చూసి బెదిరినవాడూ పడిపోతాడు. జారుటను భయంతో కాక లెక్కతో ఎదుర్కోవాలన్న సత్యం అతనికి చిన్ననాడే ఒంటబట్టింది.

అతడు కేవలం సాహసి కాడు. మెకానికల్ ఇంజనీరింగు చదివి పట్టభద్రుడైనాడు. తన బండి ఇంజనును తానే విప్పి, సరిచేసి, బిగించుకొనేవాడు. 1970లో ప్రపంచ పోటీలలో పూర్తిగా దిగినపుడు అతని వెంట పెద్ద కంపెనీ బలగం లేదు. భార్య సోయిలీ తోడుగా ఐరోపా దేశాలన్నీ తిరిగాడు. చదువు ముగించుకొనుటకై చివరి పందేలను వదలి స్వదేశానికి మరలినా, ఆ యేడు 250 సీ.సీ. తరగతిలో నాల్గవ స్థానం పొందాడు. పందెం కొరకు చదువును విడువని ఈ వివేకం గమనింపదగినది.

1971లో చెకొస్లొవేకియాలోని బ్రనోలో 350 సీ.సీ. తరగతిలో తొలి ప్రపంచ స్థాయి విజయం లభించింది. 1972లో యమహా బండిపై 250 సీ.సీ. ప్రపంచ విజేత అయినాడు. ఇటలీ వీరుడు రెంజో పసోలినీ కంటే అతనికి అధికంగా వచ్చినది ఒకే ఒక్క పాయింటు.

మలుపులలో శరీరాన్ని బండి నుండి లోపలి వైపునకు వ్రేలాడదీసి, మోకాలిని నేల వైపు చాపడం సారినెన్ పద్ధతి. దీనివల్ల బండి తక్కువగా వంగియే మలుపు తిరుగగలదు. ఈ పద్ధతిని చూచి నేర్చినవారిలో అమెరికా వీరుడు కెన్నీ రాబర్ట్స్ ఒకడు. అతడు 1978 నుండి వరుసగా మూడేండ్లు 500 సీ.సీ. ప్రపంచ విజేతగా నిలిచాడు. నేటి పందెగాళ్ళందరూ అనుసరించేది ఈ మార్గమే.

1973 అతని జీవితంలో మహోజ్జ్వల వత్సరం. అమెరికాలోని డేటోనా 200 మైళ్ళ పందెంలో 750 సీ.సీ. బండ్లను 350 సీ.సీ. బండితో ఓడించాడు. ఆ పందెం గెలిచిన మొదటి ఐరోపావాసి అతడే. పిమ్మట ఇటలీలోని ఇమోలాలోనూ గెలిచాడు. 500 సీ.సీ. తరగతిలో 1958 నుండి ఏటేటా ఎం.వి. అగుస్తా ఫోర్ స్ట్రోక్ బండ్లదే పట్టం. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో రెండు చుట్లకు ఒకసారి ఇంధనం మండితే, టూ స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకూ మండుతుంది. యమహా టూ స్ట్రోక్ బండిపై సారినెన్ ఆ తరగతిలో తొలి రెండు పందేలను, 250 సీ.సీ. తరగతిలో తొలి మూడింటినీ గెలుచుకున్నాడు. 1983 నుండి మన దేశంలో తయారై, దూరం నుండే ధ్వనిచే గుర్తింపబడిన రాజ్‌దూత్ 350 ఆ యమహా వంశానికి చెందినదే.

1973 మే 20. ఇటలీలోని మోంజా. 250 సీ.సీ. పందెం తొలి చుట్టులోనే, మహావేగంతో దాటవలసిన పెద్ద మలుపులో ముందున్న పసోలినీ బండి అదుపు తప్పింది. బాట అంచున ఉన్న ఉక్కు కంచెకు తగిలి అది తిరిగి బాటపైకే వచ్చింది. వెనుకనే వచ్చుచున్న సారినెన్‌కు తప్పుకొనే చోటు లేకపోయింది. వారి వెనుకనున్న మరి పెక్కుమంది కూలిపోయారు. ఒక్క పాయింటు తేడాతో పోటీపడిన ఆ ప్రత్యర్థులిద్దరూ ఒకే మలుపులో మరణించారు.

అంతకుముందు జరిగిన పందెంలో ఒక బండి నుండి కారిన నూనె వలన జారినదని కొందరు, పసోలినీ ఇంజను పట్టివేసినదని కొందరు వాదించారు. కాని ఇంకొక విషయం వివాదానికి అతీతం. ఆ ఉక్కు కంచె కారు పందెగాళ్ళ రక్షణకై నిర్మించినది. ఇనుప కవచం వంటి కారులో కూర్చున్నవానిని కాపాడే కంచె, బండిపై బాహాటంగా ఉన్నవానికి మృత్యుద్వారమైనది. ఆ జూలైలోనే మోంజాలో జరిగిన వేరొక మోటారు సైకిలు పందెంలో మరి ముగ్గురు మరణించారు. యమహా సంస్థ ఆ యేటి మిగిలిన పోటీల నుండి తన జట్టును ఉపసంహరించుకుంది. 1981 వరకు మోంజాలో మోటారు సైకిళ్ళ ప్రపంచ పందెం జరుగలేదు. కాలక్రమాన పందెపు బాటల పక్కన విశాలమైన ఖాళీ స్థలాలు వదలుట నియమమైనది. ఆ నియమం వెనుక ఇట్టి వారి ప్రాణాలున్నవి.

సారినెన్ మొత్తం పదిహేను ప్రపంచ స్థాయి పందేలను గెలిచాడు. విద్యార్థి మిత్రులారా, అతనిది నేర్పులేమి వలన కలిగిన మరణం కాదు. తన నేర్పు చేరలేని చోట ఉన్న లోపం అతన్ని బలిగొన్నది. అందరూ ఒకే దిశలో పరుగెత్తే పందెపు బాటపైననే, అంతటి నిపుణునికే తప్పుకొనే చోటు దొరకలేదు. ఎదురుగా లారీలు, ఎడ్లబండ్లు, మేకల మందలు వచ్చే మన రహదారిపై వేగం చూపించదలచిన యువకునికి ఏ నేర్పు రక్షణ? ఆ వీరుని ధైర్యాన్ని గౌరవిద్దాం. అతని లెక్కను, చదువును, క్రమశిక్షణను అనుసరిద్దాం. హెల్మెట్ ధరించి, నిదానంగా ఇల్లు చేరిన ప్రతి విద్యార్థీ అతని స్మృతికి నివాళి అర్పించినట్లే.