మన్యసీమలో ఒక యాత్రికుడు

రంజాన్ మాసంలో ఆకలిని మనం స్వచ్ఛందంగా స్వీకరిస్తాము. పాలకుల చట్టం వలన ఆకలి పాలైన వారు మన్యవాసులు. స్వయంగా వైరాగ్యాన్ని వరించి, వారి పక్షాన నిలిచిన మహనీయుని మేమిక్కడ స్మరింపదలచినాము. ఆయన అల్లూరి సీతారామరాజు.

1897లో పాండ్రంగిలో జన్మించిన రాజు 1916లో ఉత్తరదేశ తీర్థయాత్రకు బయలుదేరి, కాశీ మొదలైన క్షేత్రాలు దర్శించి, 1917లో కృష్ణదేవిపేట చేరి ధ్యానజీవనం గడిపారు. 1882 నాటి మద్రాసు అటవీచట్టం గిరిజనుల పోడు వ్యవసాయాన్ని అడ్డగించింది. రోడ్డు పనులలో వారికి దక్కిన కూలి అత్యల్పం. రాజు వారికి తొలుత బోధించినది నిగ్రహం. మద్యపానం మానుమన్నారు, తగవులు పంచాయతీలలోనే తీర్చుకొమ్మన్నారు.

ప్రభుత్వం అనుమానించి నిఘాలో ఉంచినపుడు, పోలవరం డిప్యూటీ కలెక్టరు ఫజులుల్లాఖాన్ ఆయనను ఆదరించి పైడిపుట్టలో సాగుభూమి ఇప్పించారు. మతం అడ్డురాని ఆ సౌహార్దం మన విద్యార్థులకు చిరస్మరణీయం. అయినను రాజు తన సుఖంతో తృప్తి చెందలేదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై దాడిచేసి ఆయుధాలు గైకొన్నారు. 1924 మే 7న కొయ్యూరులో ఆంగ్లప్రభుత్వపు తుపాకులకు బలియైనారు.

2022లో అరకులోయతో కూడిన మన్యసీమకు ఆయన పేరిట జిల్లా ఏర్పడింది. పరుల ఆకలిని తనదిగా తలచినపుడే ఉపవాసం సార్థకమని ఆ జీవితం మనకు తెలుపుతున్నది.