ఘనపదార్థపు గుట్టు విప్పిన ఆచార్యుడు : సూరి భగవంతం

జనగామ సమీపాన ఉన్న పెంబర్తిలో ఇత్తడి రేకుపై సుత్తి దెబ్బలు పడే దృశ్యం ఈ ప్రాంతపు విద్యార్థులకు కొత్త కాదు. కొట్టగా కొట్టగా రేకు గట్టిపడుతుంది. కాల్చితే మెత్తబడి మరల పనివాని చేతికి లొంగుతుంది. భూపాలపల్లి విద్యుత్కేంద్రంలో ఆవిరి వేడికి టర్బైను లోహం వ్యాకోచిస్తుంది. మహబూబాబాదు మీదుగా సాగే రైలుపట్టా వేసవి ఎండకు సాగుతుంది. వేడికీ ఆకార వికృతికీ గల ఈ పొత్తును నేడు ఇంజనీర్లు కంప్యూటరుపై ముందుగానే లెక్కగట్టి చూస్తున్నారు. వస్తువును వేలాది చిన్న భాగాలుగా విభజించి, ఒక్కొక్క భాగంలోని ఉష్ణాన్నీ బలాలనూ మెట్టుమెట్టుగా గణిస్తారు. ఆకారం అధికంగా మారినచోట, మారిన ఆకారాన్నే ఆధారంగా గైకొని లెక్కను మరల సాగించవలసి ఉంటుంది.

ఆ యంత్రం ఎంత వేగవంతమైనదైనా, పదార్థ స్వభావాన్ని తెలిపే స్థిరాంకాలను దానికి మనిషే అందించాలి. ఒక్కొక్క పదార్థానికి అట్టి స్థిరాంకాలు ఎన్ని ఉంటాయి? కంప్యూటర్లు మన దేశానికి రాకముందే ఈ ప్రశ్నతో తలపడిన తెలుగు శాస్త్రవేత్త ఆచార్య సూరి భగవంతం గారు. ఆయన జీవితాన్ని మన విద్యార్థుల ముందుంచడం మా కర్తవ్యంగా భావిస్తున్నాము.

భగవంతం గారు 1909 అక్టోబరు 14న కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించారు. హైదరాబాదు నిజాం కళాశాలలో పట్టభద్రులై, 1928లో కలకత్తా చేరి సర్ సి.వి. రామన్ గారి శిష్యులయ్యారు. రామన్ ఫలితం లోకానికి వెల్లడైన సంవత్సరమే అది. 1932లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భౌతికశాస్త్రాధ్యాపకులుగా ప్రవేశించి, ముప్పయ్యేళ్లు నిండకమునుపే ఆచార్య పదవిని అందుకున్నారు.

స్ఫటికపు సౌష్ఠవాన్ని బట్టి దాని గుణాలను నిర్ణయించడం వాల్తేరులో ఆయన చేపట్టిన మహాకార్యం. ఇందుకు ఆయన సాధనం సమూహ సిద్ధాంతమనే గణితశాఖ. సౌష్ఠవం ఏమాత్రమూ లేని స్ఫటికపు స్థితిస్థాపకతను తెలుపడానికి 21 స్థిరాంకాలు కావాలి. మనం నిత్యం వాడే ఉప్పు వంటి ఘనాకృతి స్ఫటికానికి మూడే చాలును. అన్ని దిశలలో ఒకే గుణం గల పదార్థానికి రెండే. అయితే ఇది వికృతి స్వల్పమైనప్పటి మాట. ఒత్తిడి మిక్కుటమైతే హుక్ సూత్రం ఒక్కటే సరిపోదు. తరువాతి శ్రేణి స్థిరాంకాలు అవసరమవుతాయి. అప్పుడు 21కి తోడు మరి 56, ఉప్పు స్ఫటికానికి మూడింటికి తోడు మరి ఆరు కావలసి వస్తాయి. సౌష్ఠవం ఎరిగినవాడు ఎంత శ్రమను తగ్గించగలడో ఈ అంకెలే చాటుతున్నాయి.

ఆయన ధైర్యానికి ఒక్క ఉదాహరణ చాలును. ఒత్తిడికి లోనైన స్ఫటికంలో కాంతి ప్రవర్తనను తెలిపే స్థిరాంకాల పట్టికను జర్మన్ శాస్త్రజ్ఞుడు పోకెల్స్ రూపొందించాడు. అది దశాబ్దాలుగా ప్రామాణికంగా చెలామణి అయింది. అందులో కొన్ని స్ఫటిక వర్గాల సంఖ్యలు సరికావని 1942లో భగవంతం గారు నిరూపించారు. ఘనాకృతి వర్గాలలో రెండింటికి మూడు కాదు, నాలుగు స్థిరాంకాలు కావాలని తేల్చారు. పెద్ద గ్రంథాలలో ఉన్నంతమాత్రాన ఆయన దేనినీ శిరసావహించలేదు. పెద్దలపై అగౌరవంతో ఖండించనూ లేదు. లెక్క చేసి చూపారు. టి. వెంకటరాయుడు గారితో కలిసి రచించిన సమూహ సిద్ధాంత గ్రంథం 1948లో వెలువడింది.

1918లో ఉర్దూ మాధ్యమంగా వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆంగ్ల మాధ్యమానికి మారిన తొలినాళ్లలో, 1949లో, ఆయన అచట ఆచార్యులుగా చేరారు. 1952 నుండి 1957 వరకు ఉపకులపతిగా సేవలందించారు. భాష మారే వేళ విద్య తడబడకుండా నిలపడం ఎంతటి బాధ్యతయో, రెండు భాషల నడుమ మసలే మన కళాశాలకు వేరుగా చెప్పనక్కరలేదు. అనంతరం 1962 వరకు బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు సంచాలకులుగా, 1961 నుండి 1969 వరకు రక్షణ మంత్రికి విజ్ఞాన సలహాదారుగా పనిచేశారు. ఇన్ని పదవుల నడుమ కూడా పరిశోధనను విడువలేదు. స్ఫటిక సౌష్ఠవంపై ఆయన గ్రంథం 1966లో ప్రచురితమైంది. 1989 ఫిబ్రవరి 6న ఆయన కీర్తిశేషులయ్యారు.

నేటి కంప్యూటరు గణన పద్ధతులను భగవంతం గారు కనిపెట్టలేదు. అట్లని చెప్పడం సత్యదూరం. పెంబర్తి రేకు వలె తిరిగి పూర్వరూపానికి రాని వికృతికి ఇంకా వేరు కొలతలు కూడా కావాలి. కాని లెక్కకు ముందు ప్రశ్న సరిగా ఉండాలని, ఎన్ని సంఖ్యలు కావాలో ఎరగనివాడు యంత్రం ఇచ్చిన జవాబును నమ్మరాదని ఆయన కృషి మనకు బోధిస్తున్నది. ఉస్మానియాలోనే ఇంజనీరింగు చదివిన జె.ఎన్. రెడ్డి గారు అమెరికాలో ఆచార్యులై, వస్తువును భాగాలుగా విభజించి గణించే పద్ధతిపై 1984లో పాఠ్యగ్రంథం వెలువరించారు. ఒకరు వేసిన బాటలో మరొకరు నడవడమే విద్య.

మన ప్రయోగశాల చిన్నదని, పెద్ద యంత్రాలు లేవని నిరుత్సాహపడే విద్యార్థులను మేము ఏటా చూస్తున్నాము. పోకెల్స్ పట్టికను సరిదిద్దిన సాధనాలు కాగితం, కలం, సంశయించగల మనస్సు. ఆ మూడూ మన విద్యార్థులకు అందుబాటులోనే ఉన్నవి. వాటిని వినియోగించడమే ఆ మహనీయునికి మనం అర్పించగల నివాళి.