జార్జి లాన్స్‌బరీ మహాశయుని జీవితము

పురపాలక సంఘము చేయవలసిన పనులను పైప్రభుత్వము శాసనముచే నిర్ణయించును. ఆ పనులకు వలయు ధనములో అధికభాగమును మాత్రము ఊరివారే సమకూర్చుకొనవలెను. ఊరు భాగ్యవంతమైనచో చిక్కు లేదు. ఊరెల్ల పేదలైనచో ఆ సంఘమేమి చేయవలెను? ఈ ప్రశ్నకు చెఱసాలకు బోయి ప్రత్యుత్తర మిచ్చిన యొక మహాపురుషుని చరిత్రమును ఈ సంచిక చదువరుల కర్పింప దలచితిమి. ఆయన మన దేశస్థుడు కాడు. అయినను పంచాయతీలలోను పురపాలక సంఘములలోను సభ్యులై పనిచేసినవారును, విద్యార్థి వసతిగృహములకై చందాపట్టీ చేతబట్టుకొని యింటింటికి దిరిగినవారును మన సోదరులలో పెక్కురు గలరు. వారికీ కథ పరాయిదిగా దోపదని మా నమ్మకము.

జార్జి లాన్స్‌బరీ 1859వ సంవత్సరమున ఇంగ్లండు నందలి సఫోకు మండలమున హేల్స్‌వర్తు ప్రాంతమున జన్మించెను. తండ్రి రైలుమార్గములు వేయు కూలీల ముఠాలతో ఊరూరు దిరిగెడి చిన్న యుద్యోగి. ఆ కుటుంబము తుదకు లండను తూర్పుభాగమున గాపురము నిలిపెను. జార్జి బాల్యముననే చదువు చాలించి పనికి బోయెను. 1880లో బెస్సీ బ్రైను అను కన్యను వివాహమాడి, 1884లో ఆలుబిడ్డలతో ఆస్ట్రేలియాకు వలసవెళ్లెను. అచ్చట పడరాని పాట్లుపడి మరుసటి యేడు మరలివచ్చి, మామగారి కలప అడితిలో బ్రతుకుతెరువు వెదకికొనెను. వలసకు జనులను బ్రోత్సహించువారు చెప్పుమాటలు వేఱు, అచ్చట జరుగునది వేఱు అని ఆయన సభలలో జాటసాగెను. ఆయన ప్రజాజీవితమున కదియే యారంభము.

1893లో ఆయన పాప్లరు పేటయందలి దరిద్రపోషక సంఘమున సభ్యుడుగా నెన్నుకొనబడెను. ఆ కాలమున దిక్కులేనివారిని వర్కుహౌసు అను శాలలో జేర్చి, వారు మరల రాకుండునంత కఠినముగా జూచుట యాచారముగ నుండెను. లాన్స్‌బరీ వారి కూడు గుడ్డలు మనుష్యులకు దగినట్లుండవలెనని పట్టుబట్టి చాలవఱకు సాధించెను. 1905లో దరిద్ర శాసనముల విచారణకై యేర్పడిన రాజకీయ కమిషనులో సభ్యుడై, 1909లో బియట్రిసు వెబ్బుతో గలిసి భిన్నాభిప్రాయ నివేదికపై చేవ్రాలు చేసెను. 1910లో పార్లమెంటు సభ్యుడయ్యెను గాని, స్త్రీల వోటుహక్కుకై 1912లో ఆ పదవిని దనంతట దానే వదలి మరల పోటీచేసి యోడిపోయెను. ఆశయము గొప్పది, ఆ తొందరపాటును మాత్రము ఆయన సహచరులే పలువురు మెచ్చరైరి, మేమును మెచ్చజాలము.

ఇక ప్రధాన ఘట్టమునకు వత్తము. 1919లో పాప్లరు పురసభ యెన్నికలలో లేబరు పక్షమువారు 42 స్థానములలో 39 గెలిచిరి. లాన్స్‌బరీ ఆ పక్షమునుండి యచ్చట మొదటి మేయరయ్యెను. పాప్లరు ఓడరేవు కూలీల పేట. నేడు పనియున్న రేపు లేదు. యుద్ధానంతరమున వర్తకము పడిపోగా వేలకొలది కుటుంబములు వీథిన బడెను. వారిని పోషించు భార మాంగ్ల శాసనము ననుసరించి యా పేటదే. ఆ ధనము ఇండ్ల యద్దె విలువపై వేయు పన్నువలన రావలెను. పౌనుకు పెన్నీ చొప్పున పన్నువేసినచో, ధనికులుండు వెస్టుమినిస్టరున వచ్చు రాబడి పాప్లరున వచ్చుదానికి ఎనిమిది తొమ్మిది రెట్లు. వెస్టుమినిస్టరున నిరుద్యోగులు బహుస్వల్పము. పాప్లరున వీథి వీథికి వారే. ఆకలిగొన్నవా రెక్కువయైన చోటనే రాబడి తక్కువ. ధనమున్న చోట ఆకలి లేదు. ఇదిగాక పాప్లరు సభ తన ప్రజలవద్ద వసూలుచేసి లండను కౌంటీ కౌన్సిలునకును, పోలీసులకును, నగర వైద్యాలయముల బోర్డునకును, జలసరఫరా బోర్డునకును భాగములు చెల్లింపవలెను.

పన్ను పెంచినచో చిన్న దుకాణదారులును కూలీలును కూలిపోవుదురు. భరణము తగ్గించినచో పిల్లలు పస్తులుందురు. ఈ రెంటికి నొల్లక, 1921 మార్చిలో ఆ సభ మూడవ మార్గము ద్రొక్కెను: పేదలకు బెట్టవలసినది పెట్టుదుము, పైవారి భాగములకు మాత్రము పన్ను వేయము అని తీర్మానించెను. కౌంటీ కౌన్సిలును వైద్యాలయముల బోర్డును ఉన్నత న్యాయస్థానము నాశ్రయించెను. 1921 జూలై 29వ తేదీన సభ్యులు బ్యాండుమేళముతో, ముందు పురసభ రాజదండము నడువ, సుమారు రెండువేల జనులు వెంటరాగా న్యాయస్థానమునకు కాలినడకను బోయిరి. తప్పు చేసినవారు నడచిన తీరు గాదది.

సెప్టెంబరు మొదట ముప్పదిమంది సభ్యులు, న్యాయస్థాన ధిక్కారము క్రింద, గడువు నిర్ణయింపకయే ఖైదుచేయబడిరి. పురుషులను బ్రిక్స్‌టను చెఱకును స్త్రీలను హాలోవే చెఱకును బంపిరి. వారిలో నెల్లీ క్రెస్సాలు నిండుగర్భిణి. లాన్స్‌బరీకి వయస్సప్పటికి అఱువదిరెండు. ఆయన కిటికీ కమ్ములనుండి వెలుపల గుమిగూడిన జనులతో మాటలాడుచుండెడివాడు. తుదకు చెఱసాలలోనే పురసభ సమావేశములు జరుపుట కధికారులు సమ్మతించి, స్త్రీసభ్యులను హాలోవేనుండి మోటారులో దెప్పించిరి. ఊరి దస్తరము జైలులో నడచుట పురపాలన చరిత్రమున బహు అరుదు గదా! బెత్నల్‌గ్రీను, స్టెప్నీ సభలును ఇదే దారి పట్టుదుమనుటతో ప్రభుత్వము కదలెను. ఆఱువారముల పిమ్మట అక్టోబరు 12వ తేదీన ఖైదీలు విడుదలైరి. ఆ సంవత్సరాంతమున జేసిన శాసనముచే పేదల బాహ్యభరణపు ఖర్చులో అధికభాగము లండను నగరమంతటికి బంచబడెను. ధనికపేటలు పేదపేటలకు దోడ్పడవలసి వచ్చెను.

అయితే ఈ విజయమునకు దెల్లవారిన పిదప జూచినచో లెక్క వేఱుగనున్నది. లండను లేబరు నాయకుడైన హెర్బర్టు మారిసను ఈ ధిక్కారమును ఆదినుండియు నొప్పుకొనలేదు. ఆ భయ మంతయు వట్టిది గాలేదు. పాప్లరు సభ తన పనివారికి, ఆడువారికిని మగవారికిని సమముగా, వారమునకు నాలుగు పౌనుల కనీస వేతన మిచ్చుచుండగా, ఆడిటరు అభ్యంతరము దెలిపి ఆ సొమ్మును సభ్యులపై సర్‌ఛార్జి చేసెను. ఆడిటు అభ్యంతరమన నెట్టిదో మన చదువరులకు జెప్పబనిలేదు. ఆ వ్యాజ్యెము ప్రభువుల సభవఱకు బోయి 1925లో సభ్యుల కెదురుగా దీరెను. 1926లో చేసిన శాసనముచే, అప్పుల పాలైన దరిద్రపోషక సంఘములను దొలగించి తన మనుష్యులను గూర్చుండబెట్టు నధికారము మంత్రికి లభించెను. వెస్టుహాము సంఘ మట్లే తొలగింపబడెను. 1929 శాసనముతో ఆ సంఘములే రద్దయ్యెను. పైనుండి ధనము వచ్చెను, ధనముతోపాటు పెత్తనమును వచ్చెను. లాన్స్‌బరీ మొదటిదానిని సాధించెను, రెండవదాని నాపలేకపోయెను. అట్లని చేతులు ముడుచుకొని కూర్చున్నచో ఆ 1921వ సంవత్సరపు శీతకాలమున పాప్లరు పిల్లలేమై యుందురో యను నూహయు వదలరానిది.

తరువాతి కథ సంగ్రహముగ జెప్పుదుము. 1929లో ఆయన నిర్మాణశాఖ మంత్రియై, హైడు పార్కు చెఱువున సామాన్యజనులు స్నానమాడుటకు వసతి గల్పించెను. 1931లో రౌండుటేబిలు సమావేశమునకు వెళ్లిన గాంధీమహాత్ముడు బస చేసినది ఈ పురసభ హద్దులలోని బో పేటయందలి కింగ్స్‌లీ హాలులోనే. 1932నుండి 1935వఱకు లాన్స్‌బరీ లేబరు పక్షనాయకుడు. యుద్ధము నేవిధముగను నొప్పుకొనని వాడగుటచే ఆ పదవిని విడిచెను. 1937లో హిట్లరును స్వయముగ గలిసి శాంతి గుదుర్పవచ్చునని నమ్మెను; ఆ నమ్మకము నిష్ఫలమయ్యెను. 1940 మే 7వ తేదీన స్వర్గస్థుడయ్యెను. బో రోడ్డు నందలి ఆయన యిల్లు బాంబులకు నేలమట్టమయ్యెను. 1951లో పాప్లరున పేదలకై కట్టిన ఇండ్ల సముదాయమునకు ఆయన పేరు పెట్టిరి.

ఆయన కోడలు మిన్నీయు ఆ ముప్పదిమందిలో నొకతె. చెఱనుండి వచ్చిన కొలది మాసములకే, 1922 జనవరి 1వ తేదీన, ముప్పదిరెండేండ్ల వయస్సున న్యుమోనియాతో మరణించెను. చెఱవాసమే ఆమె దేహమును గుంగదీసెనని పాప్లరు ప్రజలు నమ్మిరి. ఆమె జ్ఞాపకార్థము అదే బో రోడ్డున నొక గడియారము గోడకు వ్రేలాడుచున్నది.